రెండంగుళాల ముచ్చట

మనిషికి ఎత్తు మీద మోజు. పిల్లవాడు పొడుగవుతున్నాడో లేదో చూడడానికి తల్లి వాణ్ణి గోడకు నిలబెట్టి పెన్సిలుతో గీత గీస్తుంది. సంబంధం చూడవచ్చినవాళ్లు చదువు తరువాత అడిగేది ఎత్తే. తీరా కారు దగ్గరికి వచ్చేసరికి ఈ మోజు తలకిందులవుతుంది. పాతకాలపు కారును కన్నబిడ్డలా సాకేవాళ్లలో చాలామందికి, అది ఇంకో రెండంగుళాలు పొట్టిగా ఉంటే ఎంత బాగుండునో అనిపిస్తుంది. చక్రం పైభాగం మడ్గార్డు నీడలోకి దూరాలి. బండి నేలను కరుచుకున్నట్టు కనిపించాలి. అదీ వారి ముచ్చట.

ముచ్చటే కదా అని తీసిపారేయడానికి వీల్లేదు. అందులో లాభం కూడా కొంత ఉన్నది. బండి బరువు నేలకు దగ్గరైతే మలుపు తిరిగేటప్పుడు పక్కకు ఒరగడం తగ్గుతుంది. నిలబెట్టిన మరచెంబు చిన్న తాకిడికే దొర్లుతుంది, పళ్లెం దొర్లదు. కాని ఆ రెండంగుళాలు ఊరికే రావు. కారులో మరోచోట ఉన్న రెండంగుళాలను తెచ్చి ఇక్కడ ఖర్చు పెట్టాలి. ఎక్కడివి తెచ్చారో తెలియకుండా భాగాలు కొన్నవాళ్లు డబ్బు పోగొట్టుకుంటారు. ఒక్కొక్కప్పుడు కారు అదుపే పోగొట్టుకుంటారు.

ఈ లెక్క తెలుసుకోవడానికి ఒక కారును ఎదుట పెట్టుకుందాం. ఇంగ్లండులో పుట్టి, లోకమంతా తిరిగిన మినీ అనే బుల్లి కారు అది. అక్కడి పాతకార్ల ప్రియులు దీన్ని నేటికీ దించుతూనే ఉన్నారు. దాని కథ తెలిస్తే, ఏ పాతకారుకైనా ఏ భాగం ఎందుకు మార్చాలో, ఏది మార్చకూడదో తేలిగ్గా బోధపడుతుంది.

బుల్లి కారు పుట్టిన విధం

1956లో ఈజిప్టు నాయకుడు నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేశాడు. దాని వెంట యుద్ధం వచ్చింది. కాలువ మూతపడింది. చమురు ఓడలు చుట్టుదారి పట్టాయి. బ్రిటనులో ఆ డిసెంబరు నుంచి పెట్రోలుకు రేషను పెట్టారు. అంతవరకు పెద్దకార్లలో తిరిగిన పెద్దమనుషులు మూడుచక్రాల బుడగకార్ల వంక చూడసాగారు. అది చూసి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అధిపతి లెనార్డ్ లార్డ్‌కు ఒళ్లు మండింది. అలెక్ ఇసిగోనిస్ అనే ఇంజనీరును పిలిచి, నలుగురు కుదురుగా కూర్చోగల అసలు సిసలైన చిన్నకారు తయారుచేయమన్నాడు.

ఇసిగోనిస్ 1906లో స్మిర్నా పట్టణంలో పుట్టాడు. నేటి టర్కీలోని ఇజ్మీరే ఆ ఊరు. పడుచుతనంలోనే బ్రిటనుకు వచ్చి స్థిరపడ్డాడు. అతడు చేసిన కారు 1959 ఆగస్టు 26న లోకం ఎదుటికి వచ్చింది. పొడవు పది అడుగులు మాత్రమే. ఇంజనును అడ్డంగా పడుకోబెట్టి, గేర్లపెట్టెను దాని కిందనే ఇరికించాడు. చక్రాలు పదేసి అంగుళాలవి. పొడవులో ఎనభై పాళ్లు మనుషులకూ సామానుకూ వదిలాడు. 2000 అక్టోబరులో ఆఖరి బండి బయటికి వచ్చేసరికి మొత్తం 53 లక్షలకు పైగా తయారయ్యాయి. 2001 నుంచి అదే పేరుతో వస్తున్న పెద్దకారు వేరు. ఇక్కడ చెప్పబోయే భాగాలు దానికి పనికిరావు.

ఈ బుల్లికారుకు పందెపు కళ తెచ్చినవాడు జాన్ కూపర్. అతని సంస్థ కార్లు 1959, 1960లలో ప్రపంచ పందేలలో గెలిచాయి. అతని పేరుతో 1961లో మినీ కూపర్ వచ్చింది. ఆ జాతి కార్లు 1964, 1965, 1967లలో మాంటికార్లో ర్యాలీ గెలిచాయి. 1966లోనూ మొదటి మూడు స్థానాలు వాటివే. అయితే హెడ్‌లైట్లు నిబంధనల ప్రకారం లేవని న్యాయనిర్ణేతలు వాటిని తొలగించారు. అదిగో, అప్పటినుంచి ప్రతి మినీ యజమానికీ తన బండి పందెపు బండిలా కనిపించాలనే కోరిక పుట్టింది.

ఉక్కుకు బదులు రబ్బరు

చక్రానికీ మనం కూర్చునే ఒంటికీ మధ్య ఉండే ఏర్పాటునే సస్పెన్షన్ అంటారు. గుంట తగిలితే చక్రం పైకి లేవాలి. మనం మాత్రం లేవకూడదు. ఇందుకు చాలా కార్లలో ఉక్కు చుట్టలో, కమాను పట్టీలో ఉంటాయి. ఇసిగోనిస్‌కు అవి నచ్చలేదు. కారణం ఉన్నది. మినీ బరువు ఆరువందల కిలోలకు కాస్త అటూ ఇటూ. నలుగురు ఎక్కి సామాను వేస్తే బండి బరువులో సగం దాకా అదనంగా చేరుతుంది. ఒక్కడికి సరిపడే స్ప్రింగు పెడితే నలుగురు ఎక్కినప్పుడు కుంగిపోతుంది. నలుగురికి సరిపడేది పెడితే ఒక్కడు నడిపేటప్పుడు ఎద్దుబండిలా అదురుతుంది.

దారి చూపినవాడు అలెక్స్ మౌల్టన్. 1920లో పుట్టిన ఇతని వంశానిది రబ్బరు వ్యాపారం. చిన్నచక్రాల సైకిలును 1962లో తెచ్చినవాడూ ఇతడే. ఇతడు ఉక్కు స్ప్రింగులు తీసేసి, వాటి చోట శంకువు ఆకారంలో రబ్బరు దిమ్మలు పెట్టాడు. రబ్బరుకు ఒక సుగుణం ఉన్నది. కొద్దిగా నొక్కితే మెత్తగా లొంగుతుంది, నొక్కినకొద్దీ గట్టిపడుతుంది. ఒక్కడున్నా నలుగురున్నా దానికి తగ్గట్టే సర్దుకుంటుంది. పైగా ఇమిడే చోటు కూడా తక్కువ.

ముందు చక్రాల దగ్గర ఈ రబ్బరు దిమ్మ నిలువుగా ఉంటుంది. దానికింద బాకా ఆకారంలో ఒక లోహపు గొట్టం. అందుకే దాన్ని ట్రంపెట్ అంటారు. మనం బాకా అనే అనుకుందాం. బాకా కింది కొసన గుండ్రని బంతి, ఆ బంతి ఆనుకోవడానికి చిన్న గిన్నె. చక్రం లేచినప్పుడు దాని చెయ్యి లేచి బాకాను పైకి తోస్తుంది. బాకా రబ్బరును నొక్కుతుంది. వెనుక చక్రాలకూ ఇదే పద్ధతి. అయితే అక్కడ రబ్బరు, బాకా పడుకుని ఉంటాయి.

దిగేది ఏమిటి, తగ్గేది ఏమిటి

కారును దించాలంటే ఈ బాకాను కురచ చేస్తే చాలు. చక్రం చెయ్యి పొడుగు. బాకా మాత్రం ఆ చేతి మొదట్లో, ఇరుసుకు దగ్గరగా ఆనుతుంది. అంచేత బాకాలో కొద్ది మిల్లీమీటర్ల మార్పు చక్రం దగ్గరికి వచ్చేసరికి అనేక రెట్లు పెరుగుతుంది. గడ్డపార మొదలు కాస్త కదిపితే కొస మూరెడు కదిలినట్టే.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. బాకా కురచయినంత మాత్రాన కారు బరువు తగ్గదు కదా! రబ్బరు మీద భారం మునుపటంతే. అది నలిగేదీ మునుపటంతే. మారేది ఒక్కటే. చక్రం పైకి పోవడానికి మిగిలిన జాగా మారుతుంది. ఇదివరకు చక్రానికి పైన నాలుగంగుళాల జాగా ఉన్నదనుకోండి. కారును రెండంగుళాలు దించితే మిగిలింది రెండే. మనం ముచ్చటపడి తెచ్చుకున్న రెండంగుళాలు అక్కడివన్నమాట. పెద్ద గుంట వచ్చినప్పుడు చక్రం ఆ జాగా చాలక పైనున్న ఆపుడు రబ్బరుకు ఠపీమని కొట్టుకుంటుంది. ఆ క్షణంలో ఆ చక్రానికి సస్పెన్షన్ లేనట్టే లెక్క. మలుపులో గనక అలా జరిగితే చక్రం రోడ్డు మీద పట్టు విడుస్తుంది.

అందుకని అనుభవం గలవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఎంత దించాలని కాదు. ఎంత జాగా మిగలాలి అన్నది వారి ప్రశ్న.

కొనే వరుస

భాగాలు కొనడానికి ఒక వరుస ఉన్నది. తళతళలాడే సామాను చూసి మొదట దాని మీద పడకూడదు.

మొట్టమొదట సబ్‌ఫ్రేము చూడాలి. సస్పెన్షన్ భాగాలన్నీ బిగించి ఉండే ఇనుప చట్రం అది. మినీ వెనుక సబ్‌ఫ్రేముకు తుప్పు పట్టడం లోకవిదితం. చట్రం చిల్లులు పడి ఉంటే మిగతా సామాను ఎంత ఖరీదైనా పునాది లేని మేడే. వెనుక చక్రాల చేతులు తిరిగే చోట బేరింగులూ బుష్షులూ ఉంటాయి. గ్రీజు పెట్టక ఏళ్లు గడిస్తే అరిగిపోతాయి. చక్రాన్ని పట్టుకుని పక్కలకు ఊపితే తెలుస్తుంది. ముందు డబ్బు ఇక్కడ పెట్టాలి.

రెండవది, మన బండి ఏ తెగదో తెలుసుకోవాలి. 1964లో మినీ సెలూన్లకు రబ్బరుతోబాటు ద్రవం నింపిన హైడ్రొలాస్టిక్ అనే పద్ధతి పెట్టారు. ముందు వెనుక చక్రాలను ఒక గొట్టం కలుపుతుంది. 1969 నుంచి మళ్లీ వట్టి రబ్బరుకే వచ్చేశారు. ఒక తెగ భాగాలు రెండవ దానికి సరిపడవు. సబ్‌ఫ్రేములు కూడా వేరు.

మూడవది రబ్బరు దిమ్మలు. ఇవి ఏళ్లు గడిచినకొద్దీ గట్టిపడి, కుంగిపోతాయి. వయసు మీద పడి వంగిన నడుమును చూసి, వినయంగా వంగాడనుకుంటే ఎట్లా? పాతబండి తనంతట తానే కిందికి దిగి ఉంటే అది అందం కాదు, ముసలితనం. దిమ్మలు మార్చాలి. కొత్తవి వేసినప్పుడు బండి మునుపటికంటే ఎత్తుగా లేస్తుంది. అవి సర్దుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. సర్దుకున్నాకనే ఎత్తు ఖాయం చేయాలి. తొందరపడి మొదటి రోజే దించితే, తరువాత దానంతటది ఇంకా దిగుతుంది.

నాలుగవది బాకాలు. ఉన్న బాకాను కోయించడం పాతపద్ధతి. ఒకసారి ఎక్కువ కోస్తే మళ్లీ అతకదు. దానికంటే మరతో పొడవు మార్చుకోగల బాకాలు మేలు. వీటిని హై-లో అంటారు. నాలుగు మూలలా ఎత్తు సమంగా తేవచ్చు. నచ్చకపోతే మళ్లీ పైకి తేవచ్చు. బాకాలతోబాటు కింది కొసన ఉండే బంతులూ గిన్నెలూ కూడా కొత్తవి వేయడం తెలివైన పని. వాటి ఖరీదు స్వల్పం. వాటిని చేరుకోవడానికి పడే శ్రమ మాత్రం స్వల్పం కాదు.

అయిదవది షాక్ అబ్జార్బర్లు. ఎక్కువమంది మరచిపోయేది ఇదే. స్ప్రింగు బండిని మోస్తుంది. షాక్ అబ్జార్బరు దాని ఊగులాటను అణుస్తుంది. చక్రం ఎంత కిందికి వేలాడవచ్చో నిర్ణయించడంలో దీని పొడవుకు పాత్ర ఉన్నది. బాకాను కురచ చేసి పాత పొడుగు షాక్ అబ్జార్బరునే ఉంచితే రెండు కీడులు వస్తాయి. బండి కిందికి అణిగినప్పుడు అది కొసదాకా ముడుచుకుని లోపల కొట్టుకుంటుంది. బండి ఎగిరి చక్రం వేలాడినప్పుడు కురచ బాకాకు ఒత్తిడి పోయి, బంతి గిన్నెలోంచి జారవచ్చు. మళ్లీ చక్రం నేలకు తగిలేసరికి అది గిన్నెలో పడుతుందన్న నమ్మకం లేదు. కనుక బాకా ఎంత దించితే దానికి తగిన కురచ షాక్ అబ్జార్బర్లు కూడా ఆ రోజే కొనాలి. గట్టితనం మార్చుకునే మీట ఉన్నవి దొరుకుతాయి. అవి ఉన్నాయి కదా అని కొసదాకా తిప్పితే, బండి గతుకుల మీద బంతిలా గెంతుతుంది.

ఆరవది చక్రాల ఒరుగు. ముందునుంచి చూస్తే చక్రం నిట్టనిలువుగా ఉన్నదా, పైభాగం లోపలికి వాలిందా అన్న లెక్కను కాంబర్ అంటారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు మినీ ముందు చక్రాల పైభాగం కాస్త బయటికి వాలి ఉండేది. బండిని దించితే అది లోపలికి తిరుగుతుంది. మలుపుల్లో పట్టు కోసం ఒకటిన్నర డిగ్రీ లోపలికి వాలేట్టు చేసిన కింది చేతులు అమ్ముతారు. రోడ్డు మీద తిరిగే బండికి అది చాలు. మరీ ఎక్కువైతే టైరు లోపలి అంచు అరుగుతుంది. వెనుక చక్రాలకూ సరిచేసుకునే బ్రాకెట్లు ఉన్నాయి. ఇవి మార్చాక అలైన్‌మెంటు చేయించక తప్పదు. హెడ్‌లైట్లు కూడా మళ్లీ సరిచేయించాలి. ముందుభాగం ఎక్కువ దిగితే వెలుగు కాళ్ల దగ్గరే పడుతుంది; వెనుకభాగం దిగితే ఎదుటివాడి కళ్లలో పడుతుంది.

చివరిది బుష్షులు, టైర్లు. గట్టి పాలీయురితేను బుష్షులు బండికి చురుకు తెస్తాయి; ఇంటివాళ్లకు కొంచెం అదురు తెస్తాయి. రోజూ తిరిగే బండికి మంచి రబ్బరు బుష్షులే హాయి. పది అంగుళాల చక్రాల చోట పదమూడు అంగుళాలవి వేసి, మళ్లీ కారును దించాలనుకుంటే, పూర్తిగా తిప్పినప్పుడు టైరు మడ్గార్డును రాస్తుందేమో చూసుకోవాలి.

చౌకబేరాలు

ఉక్కుచుట్టలున్న పాతకార్లకు కొందరు చేసే చౌక వైద్యం ఒకటి ఉన్నది. స్ప్రింగును ఒకటి రెండు చుట్లు కోసేస్తారు. చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుంది. అందులో మేలు కొంత ఉన్నా, చక్రం వేలాడినప్పుడు కురచ స్ప్రింగు పీటలోంచి జారిపోవచ్చు. ఇంకొందరు గ్యాసుమంట పెట్టి స్ప్రింగును కుంగదీస్తారు. వేడికి ఉక్కు పదును పోతుంది. పదును పోయిన ఉక్కు ఎంతవరకు కుంగుతుందో, ఎప్పుడు విరుగుతుందో చెప్పేవాడు లేడు. ఆపుడు రబ్బర్లను పూర్తిగా కోసి పారేయడం మరో తప్పుడు పని. అవి అడ్డం కాదు, కాపలా.

మినీ ముందువైపు రబ్బరు దిమ్మను విప్పడానికి ప్రత్యేకమైన నొక్కుడు పనిముట్టు ఉన్నది. దిమ్మ మధ్యలో మర బిగించి, దాన్ని నొక్కి పట్టుకుని బాకాను తీస్తారు. నలిగి ఉన్న రబ్బరులో బలం దాగి ఉంటుంది. ఆ పనిముట్టు లేకుండా గునపాలతో పెకలించబోతే చేతులకే ముప్పు. ఇంటిదగ్గర చేసుకునే పనులు చాలా ఉన్నాయి. ఇది మాత్రం తెలిసినవాడి చేత చేయించాలి.

చట్టం మాట, మన వీధుల మాట

బ్రిటనులో మూడేళ్లు దాటిన కార్లకు ఏటా పరీక్ష ఉన్నది. నలభై ఏళ్లు దాటినవాటికి 2018 మేలో ఆ పరీక్షనుంచి మినహాయింపు ఇచ్చారు. అయితే గడచిన ముప్పై ఏళ్లలో గణనీయమైన మార్పులు చేసిన బండికి అది వర్తించదు. సస్పెన్షన్ పద్ధతినే మార్చడం ఆ మార్పుల్లోకి వస్తుంది. అంచేత రబ్బరును రబ్బరుగానే ఉంచి ఎత్తు మాత్రం సరిచేసుకోవడం ఒకటి, రబ్బరు పీకి వేరే పద్ధతి పెట్టడం మరొకటి. చేసిన మార్పులు బీమా కంపెనీకి తెలియజేయడం కూడా అవసరమే. తెలియజేయకపోతే ప్రమాదం జరిగిన నాడు చిక్కు వస్తుంది.

మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఇంకా కటువుగా ఉన్నది. తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకూ, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదని అది అంటుంది. యాభై ఏళ్లు దాటిన బళ్లకు వింటేజి రిజిస్ట్రేషను ఇచ్చే 2021 నిబంధనలు కూడా చట్రంలో, ఒంట్లో, ఇంజనులో పెద్దమార్పులు ఉండరాదంటున్నాయి. కాబట్టి మన దగ్గర పాతకారుకు చెయ్యి వేసే ముందు రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

చట్టం సంగతి అలా ఉంచి, వీధి సంగతి చూడండి. మనకు బాగా తెలిసిన అంబాసిడరు 2014 దాకా తయారైంది. ఇది ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు సంతానం. ముందు మెలితిరిగే ఉక్కు కడ్డీలు, వెనుక కమాను పట్టీలు. ఇసిగోనిస్ 1948లో తెచ్చిన మోరిస్ మైనరుకూ ముందు ఇలాంటి కడ్డీలే. అంబాసిడరు పల్లెబాటలమీద కూడా అన్నేళ్లు నిలబడిందంటే, దాని చక్రాలకు పైకీ కిందికీ జాగా ఉండడం ఒక కారణం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన స్పీడ్ బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. వీధివాళ్లు రాత్రికి రాత్రి పోసుకునే దిబ్బకు ఆ కొలతలు తెలియవు. కిందికి దించిన బండి సైలెన్సరుకు మాత్రం అవి బాగా తెలుస్తాయి.

మినీ అయినా, మరొకటైనా, భాగాలకు డబ్బు పంపే ముందు ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. ఇంటిల్లిపాదినీ కారులో కూర్చోబెట్టండి. వెనుక సామాను కూడా వేయండి. అప్పుడు టేపు పట్టుకుని నాలుగు చక్రాల దగ్గరా మడ్గార్డు అంచు వరకు ఉన్న ఎత్తు కొలిచి రాసుకోండి. చక్రం చెయ్యి ఆపుడు రబ్బరుకు తగలడానికి ఇంకా ఎంత దూరం ఉన్నదో మెకానిక్ చేత చూపించుకోండి. మీరు దించదలచిన అంగుళాలను అందులోంచి తీసివేయండి. మిగిలిన అంకె మీ వీధికి సరిపోతే బాకాలూ షాక్ అబ్జార్బర్లూ కలిపి ఆర్డరు చేయవచ్చు. సరిపోకపోతే రెండంగుళాల చోట ఒక అంగుళంతో తృప్తిపడండి. పక్కింటివారికి ఆ తేడా కనిపించదు. వెనుకసీటులో కూర్చున్న బామ్మగారి నడుముకు తెలుస్తుంది.